ట్రేడ్‌మార్కు: ఆదోని, ఎమ్మిగనూరు వస్త్ర వ్యాపారం

ఒకరి సరుకును మరొకరి సరుకు నుంచి వేరుగా గుర్తుపట్టేందుకు వాడే పేరు, బొమ్మ లేదా అక్షరాల కూర్పు ట్రేడ్‌మార్కు. పత్తి, నూనె వ్యాపారాలతో పెరిగి ‘రెండో ముంబయి’ అనిపించుకున్న ఆదోనికి, మగ్గాల ఊరు ఎమ్మిగనూరుకు ఇది బతుకుతెరువుతో ముడిపడిన విషయం.

బ్రిటిషు కాలంలో మాంచెస్టర్ తానుల మీద దేవతల రంగుబొమ్మల చీటీలు అంటించి ఉండేవి. చదువు రానివాళ్లు ఆ బొమ్మను చూసే బట్ట కొనేవారు. మార్కును దొంగిలిస్తే శిక్షించడానికి 1860 నాటి శిక్షాస్మృతి, 1889 నాటి మర్చండైజ్ మార్క్స్ చట్టం ఉన్నా, మార్కును నమోదు చేసుకునే ఏర్పాటు మాత్రం లేదు. ఇంగ్లండులో 1876లోనే రిజిస్టరు తెరిచారు. మనకు అలాంటి నమోదు చట్టం 1940లో వచ్చింది. అంటే 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరు చేనేతకారుల సహకార సంఘాన్ని స్థాపించేనాటికి, సంఘం తన గుర్తును నమోదు చేసుకోవాలనుకున్నా దారి లేదు. 1958 చట్టం తర్వాత, ఇప్పుడు అమల్లో ఉన్న 1999 చట్టం 2003 సెప్టెంబరు 15 నుంచి వర్తిస్తోంది. అందులో బట్టలకు ప్రత్యేక అధ్యాయమే ఉంది: ఫ్యాక్టరీలో తయారైన తాను మీద పొడవు, తయారీదారు పేరు ముద్ర వేయాలి.

ఊరి పేరునే మార్కుగా పెట్టుకునే విషయంలో చాలామంది పొరబడతారు. ‘ఎమ్మిగనూరు దుప్పట్లు’ వంటి పేరును మామూలుగా ఒక్క వ్యాపారికి కట్టబెట్టరు, అది న్యాయమే. ఊరి పనితనం అందరిదీ. దానికి సంఘం తరఫున సామూహిక మార్కు గానీ, పోచంపల్లి ఇక్కత్‌కు దక్కినట్టు భౌగోళిక గుర్తింపు గానీ తగిన దారి. దుకాణానికో మిల్లుకో కావలసింది సొంతంగా కల్పించుకున్న పేరు.

నమోదు లేకపోయినా, మన పేరుతో సరుకు అమ్మేవాడిపై కోర్టుకు వెళ్లవచ్చు. అయితే ఆ పేరుకు బజారులో మంచి గుర్తింపు ఉందని, ఎదుటివాడు జనాన్ని భ్రమపెట్టాడని, దానివల్ల నష్టం ఉందని మనమే రుజువు చేయాలి. నమోదైతే ఆ బరువు చాలావరకు తగ్గుతుంది. ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి. ఆన్‌లైన్‌లో వ్యక్తులకు, చిన్న సంస్థలకు తరగతికి 4,500 రూపాయల రుసుము. దుప్పట్లు, తువ్వాళ్లు 24వ తరగతి, వంటనూనె 29. పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఎవరు ముందు వాడారన్న తగాదాలో పాత బిల్లులు ముఖ్యమైన సాక్ష్యం కనుక, వ్యాపారులు వాటిని పారేయకుండా భద్రపరచాలి.