గుండెకు వేసిన సారువ



బావి త్రవ్వునపుడు మన్ను కూలకుండుటకై ఒరలు దింపుట మీ రెఱిగినదే. గోడ కట్టునపుడు సారువ వేయుటయు మీ రెఱిగినదే. దిగిన ఒర ఎన్నటికిని బావిలోనే యుండును. సారువ మాత్రము పని ముగియగనే తీసివేయబడును. నేడు నేను చెప్పబోవు చరిత్రకు ఈ రెంటి భేదమే మూలము.

2014వ సంవత్సరమున మా బావగారి గుండెనాళ మొకటి పూడుకొనెను. అందులో శాశ్వతముగా నిలుచు లోహపు స్టెంటు వేయింపవలెనా, కొన్నేండ్లకు కరిగిపోవు స్టెంటు వేయింపవలెనా యను ప్రశ్న వచ్చెను. వారు నన్నడిగిరి. నేను వైద్యుడను గాను. అయినను పత్రికలలో చదివినదానినిబట్టి, “బావగారూ, ఒంటిలో లోహపు ముక్క యెందులకు? కరిగిపోవుదానినే వేయించుకొనుడు” అని చెప్పితిని. వారట్లే చేసిరి. ఆ మాట బరువు నాకు మూడేండ్ల పిమ్మటగాని తెలియలేదు.

గుండె దేహమంతటికిని రక్తమును పంపును. కాని దాని కండకు కావలసిన రక్తము దానిపై నల్లుకొనియున్న సన్నని నాళములగుండ రావలసియున్నది. వాని గోడలలో క్రొవ్వు పేరుకొనినచో, కాలువలో ఒండ్రు చేరినట్లు ప్రవాహము సన్నగిలును. 1977 సెప్టెంబరు 16వ తేదీన స్విట్జర్లాండు దేశమందలి జూరిక్ నగరమున ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ అను వైద్యుడు, రొమ్ము కోయకయే, సన్నని గొట్టమును నాళముగుండ గుండెవరకు పంపి, దాని కొననున్న చిన్న బుడగను ఉబ్బించి, మూసికొన్న దారిని వెడల్పు చేసెను. కార్యము గొప్పదే. కాని బుడగ తీసిన పిదప కొందఱికి నాళము వెంటనే మూసికొనుచుండెను; మఱికొందఱికి కొలది నెలలలో మరల సన్నగిలుచుండెను. అది ఒర లేని బావివంటి లోపము.

ఆ లోపమును తీర్చుటకై 1986లో ఫ్రాన్సులోని తులూజ్ నగరమున జాక్ పుయెల్, స్విట్జర్లాండులోని లోజాన్ నగరమున ఉల్రిచ్ సిగ్వార్ట్ లోహపు స్టెంటును రోగుల గుండెనాళములలో అమర్చిరి. మన హైదరాబాదునందును 1990 దశకమున డాక్టరు సోమరాజుగారును, అబ్దుల్ కలాంగారును కలిసి తక్కువ వెలకు లభింపదగిన స్టెంటును రూపొందించిరి. దానికి కలాం-రాజు స్టెంటని పేరు వచ్చెను. పిమ్మట స్టెంటులోపల కండ పెరిగి దారి మూయకుండుటకై మందు పూసిన స్టెంట్లు వచ్చినవి.

ఇంత జరిగినను ఒక చింత మిగిలెను. నాళము మానుటకు కొన్ని నెలలు చాలును. లోహము మాత్రము జీవితాంతముండును. అది యున్నచోట నాళము స్వేచ్ఛగా ముడుచుకొనలేదు, విప్పుకొనలేదు. కావున పని తీరిన పిదప తొలగిపోవు సారువవంటి స్టెంటు కావలెనను ఆశ పుట్టెను. 1998లో జపానునందు హిడియో తమాయ్ అను వైద్యుడు అట్టి స్టెంటును రోగులకు అమర్చుటకు మొదలిడెను. పెరుగునకు పులుపునిచ్చు లాక్టిక్ ఆమ్లమున్నది గదా, దాని యణువులను గొలుసుగా కూర్చిన పదార్థముతో అది చేయబడినది. ఆ గొలుసు మెల్లగా తెగి, తుదకు నీరును బొగ్గుపులుసు వాయువును అగును. మొదటి 50 మంది రోగులను పదేండ్లకు పైగా గమనింపగా, స్టెంటు మూడేండ్లలో కరిగిపోవుటయు, ఫలితములు సంతృప్తికరముగ నుండుటయు తెలిసెను.

2006లో అమెరికా దేశపు అబాట్ సంస్థవారి అబ్సార్బ్ అను స్టెంటు పరీక్ష 30 మంది రోగులతో ప్రారంభమయ్యెను. 2011లో ఐరోపాలోను, 2016 జూలైలో అమెరికాలోను దాని యమ్మకమునకు అనుమతి లభించెను. మన దేశమునకును 2012లో వచ్చెను. నేను చదివిన ప్రశంసలు ఆ కాలమువే.

2017లో గాలి మాఱెను. హాలెండు దేశమున 1845 మంది రోగులపై జరిగిన పరీక్ష ఫలితము వెలువడెను. రెండేండ్లలో స్టెంటునందు రక్తము గడ్డకట్టుట లోహపు స్టెంటువారిలో నూటికి 0.9 మందికి కాగా, కరుగు స్టెంటువారిలో 3.5 మందికి సంభవించెను. కారణము దాని తీగెల మందమని ముఖ్యముగా చెప్పిరి. లోహపు తీగె మందము 81 మైక్రానులు, దీనిది 157. పంటకాలువలో లావైన గుంజలు పాతినచో చెత్త తగులుకొనునట్లే, అచ్చట రక్తప్రవాహము చెదరి గడ్డకట్టుట కవకాశము కలిగెను. తీగెలు సమముగా కరుగక, విడి నాళములోనికి వంగుటయు కొందఱియందు కనబడెను. ఆ సెప్టెంబరులో సంస్థవారు అమ్మకము నిలిపివేసిరి.

ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మఱునాడు బావగారివద్దకు పోయి, నేనిచ్చిన సలహా తొందరపాటని చెప్పితిని. వారు కొంతసే పూరకుండి, “ఇప్పుడు చేయవలసిన దేమి?” అని మాత్ర మడిగిరి. ఇరువురము వైద్యునివద్దకు పోతిమి. స్టెంటును తీయనక్కరలేదనియు, మాత్రలను మాత్రము తనతో చెప్పక మానరాదనియు ఆయన కట్టడి చేసెను.

అమెరికాలో 2008 మంది రోగులను అయిదేండ్లు గమనించిన మఱియొక పరీక్ష కలదు. మూడేండ్లలో గడ్డకట్టుట కరుగు స్టెంటువారిలో నూటికి 2.3, లోహపు స్టెంటువారిలో 0.7. కాని మూడేండ్లు దాటిన పిదప, అనగా స్టెంటు కరిగిన తరువాత, ఆ యధికమైన ప్రమాదము కనబడలేదు. కష్టమంతయు సారువ నిలిచియున్న దినములలోనే. అది తొలగినపిదప గోడ నిలిచినది.

ఆ యాశ నేటికిని చావలేదు. మన దేశముననే 100 మైక్రానుల తీగెలతో మెరెస్ అను స్టెంటును చేసి, 108 మంది రోగులపై మొదట పరీక్షించిరి. మెగ్నీషియము లోహముతో కరుగు స్టెంట్లును వచ్చినవి. 2024 ఏప్రిలులో అమెరికాలో మోకాలి క్రింది నాళములకు కరుగునట్టి యొక సాధనమున కనుమతి నిచ్చిరి.

మా బావగారు నేటికిని ఉదయమున పొలముగట్టున నడచుచున్నారు. ఇది నా సలహా సరియైనదనుటకు సాక్ష్యము గాదు. అదే సలహా పొంది కష్టపడినవారును కలరు. కావున ఎవరైన మిమ్ము నిట్టి ప్రశ్న యడిగినచో, క్రొత్తదా పాతదా యని చూడకుడు. “ఎందఱిపై పరీక్షించిరి? ఎన్నేండ్లు గమనించిరి? దేనితో పోల్చిరి?” అని వైద్యు నడుగుమని చెప్పుడు. నేను 2014లో ఆ మూడు ప్రశ్నలును అడుగలేదు.