చావుకు మూడు భాషలు

899 అక్టోబరు 26న వెసెక్స్ రాజు ఆల్‌ఫ్రెడ్ కన్నుమూశాడు. డేన్ల దండయాత్రలకు ఎదురొడ్డి నిలిచినవాడు, లాటిన్ గ్రంథాలను తన జనం మాట్లాడే భాషలోకి తెప్పించినవాడు. ఆయన మరణవార్త ఉన్న రాతప్రతి నేటికీ కేంబ్రిడ్జిలోని కార్పస్ క్రిస్టి కాలేజీలో భద్రంగా ఉంది. 'ఆంగ్లో శాక్సన్ క్రానికల్' అని పిలిచే ఆ చరిత్రలో లేఖకుడు రాజు చనిపోయాడని రాయలేదు. 'యెఫోర్' అని రాశాడు. ప్రయాణమై వెళ్లాడని దానర్థం. ఎప్పుడయ్యా అంటే సర్వపునీతుల పండుగకు ఆరు రాత్రుల ముందు. ఎన్నాళ్లు ఏలాడంటే ముప్పై చలికాలాలకు ఒకటిన్నర తక్కువ. రోజులను రాత్రులతోనూ, ఏళ్లను చలికాలాలతోనూ లెక్కపెట్టుకున్న మనుషులు వాళ్లు.

ఆ క్రానికల్ పుటలు తిరగేస్తే బిషప్పులు, రాజులు, మఠాధిపతులు ఒకరి వెనక ఒకరు 'ముందుకు సాగిపోతూనే' ఉంటారు. 'పెద్దాయన పోయాడు' అనే మనకు ఇందులో వింతేమీ తోచదు. అయితే ఆ మాట వెనక వాళ్లకు ఒక పూర్తి లోకదృష్టి ఉంది. ప్రాచీన ఆంగ్ల కవులు బతుకును 'లేనె' అన్నారు. అంటే అప్పుగా వచ్చినది, ఎప్పటికైనా తిరిగి ఇచ్చేయాల్సినది. సంపదా అంతే, స్నేహితులూ అంతే, ఒంట్లోని బలమూ అంతే. 'బియోవుల్ఫ్' కావ్యం మొదట్లో షిల్డ్ అనే రాజు చనిపోతే అతని మనుషులు శవాన్ని నిధులతో సహా ఓడలో పెట్టి సముద్రం మీదికి వదిలేస్తారు. ఆ సరుకు ఎవరికి చేరిందో చెప్పగలవాళ్లు లేరంటాడు కవి. ఇది కవి కల్పన మాత్రమే కాదనడానికి 1939లో సఫోక్ జిల్లా సటన్ హూ దగ్గర మట్టిదిబ్బ తవ్వినప్పుడు సాక్ష్యం దొరికింది. ఇరవై ఏడు మీటర్ల పొడవైన ఓడ ఆనవాలు, అందులో శిరస్త్రాణం, కత్తి, వెండి గిన్నెలు, బంగారు నాణేలు. ఏడో శతాబ్దపు తొలినాళ్లలో ఒక రాజును, బహుశా తూర్పు ఆంగ్లియా పాలకుడు రెడ్వాల్డ్‌ను, ప్రయాణ సామగ్రితో సహా సాగనంపిన గుర్తులవి.

క్రైస్తవం వచ్చి ఓడను పక్కన పెట్టించింది గానీ ప్రయాణాన్ని మాన్పించలేదు. దానికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా గొప్ప దృష్టాంతం బీడ్ మరణం. ఈశాన్య ఇంగ్లండ్‌లోని జారో మఠంలో బతుకంతా చదువుకే ఇచ్చిన సన్యాసి, ఆంగ్లేయుల చర్చి చరిత్ర రాసిన మహా పండితుడు. 735 మే నెలలో ఆయనకు ఆయాసం ముదిరింది, పాదాలు వాచాయి. అప్పుడు ఆయన చేతిలో ఉన్న పని యోహాను సువార్తను ఇంగ్లీషులో చెప్పడం. పక్కన కుర్రాడు విల్‌బెర్ట్ రాసుకుంటున్నాడు. చివరి రోజున బీడ్ తన పెట్టె తెప్పించి అందులో ఉన్న కాసిని మిరియాలు, చేతిగుడ్డలు, సాంబ్రాణి తోటి గురువులకు పంచిపెట్టాడు. (దక్షిణ భారత తీరం నుంచి ఎన్ని చేతులు మారి అక్కడికి చేరాయో ఆ మిరియాలు!) సాయంత్రం కుర్రాడు, ఇంకా ఒక్క వాక్యం మిగిలింది గురువుగారూ అన్నాడు. త్వరగా రాసుకో అని ఆయన చెప్పాడు. అయిపోయిందని కుర్రాడు అన్నాక, తాను రోజూ ప్రార్థించే చోటికి ఎదురుగా తనను కూర్చోబెట్టమని అడిగి, గది నేల మీదే ప్రాణం విడిచాడు. శిష్యుడు కుత్‌బెర్ట్ రాసిన ఉత్తరం వల్ల ఇదంతా మనకు తెలిసింది. ఆ రోజుల్లో బీడ్ నోట వినిపించిన అయిదు పాదాల ఇంగ్లీషు పద్యం కూడా నిలిచింది. అందులో చావుకు పేరు 'తప్పనిసరి ప్రయాణం'. ఆ సువార్త అనువాదం మాత్రం మనకు దక్కలేదు.

'డెత్', 'డెడ్' అనే మాటలు ఈ ప్రాచీన ఇంగ్లీషులో అప్పటికే ఉన్నాయి. వాటితో పాటు ఉండాల్సిన 'డై' అనే క్రియ మాత్రం ఆ రాతల్లో కనిపించదు. ఆ పనికి 'స్టెయోర్వాన్', 'స్వెల్టన్', 'క్వెలాన్' అని మూడు క్రియలు ఉండేవి. 'డై' ఎక్కడిది? ఎక్కువమంది భాషాశాస్త్రవేత్తలు చెప్పేది అది స్కాండినేవియా నుంచి వచ్చిందని. 865లో డేన్ల మహాసేన దిగింది. కొన్నేళ్లు దోచుకుంది, తర్వాత ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో భూములు పంచుకుని నాగళ్లు పట్టింది. ఊళ్లకు పేర్లు పెట్టింది, పిల్లనిచ్చింది, పిల్లను తెచ్చుకుంది. వాళ్ల 'డేయా' అనే క్రియ అలా పల్లెల్లో నలిగి, రెండు మూడు వందల ఏళ్ల తర్వాతగానీ ఇంగ్లీషు రాతకెక్కలేదు. ఆయుధాల పేర్లు శత్రువు నుంచి కూడా నేర్చుకోవచ్చు. చావును చెప్పే మాట మాత్రం కలిసి శవం మోసినవాళ్ల దగ్గరే అంటుతుంది. డేన్లంటే కొల్లగొట్టినవాళ్లేనని చెప్పే చరిత్రకు ఈ చిన్న క్రియ గట్టి జవాబని నా నమ్మకం.

1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు వచ్చాక పరిస్థితి వేరు. వాళ్లు మట్టిలో కలవలేదు, కచేరీలో కూర్చున్నారు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో మనిషి చనిపోతే ముందు వచ్చే ప్రశ్న ఆస్తి. ఏదైనా ఊళ్లో శవం దొరికి హంతకుడు దొరక్కపోతే, చచ్చినవాడు నార్మన్ అనే లెక్కలో ఆ ప్రాంతం మొత్తానికీ జరిమానా వేసేవారు. తప్పించుకోవాలంటే ఆ శవం ఇంగ్లీషువాడిదని బంధువులు వచ్చి రుజువు చేయాలి. ఈ పద్ధతి 1340 దాకా సాగింది. రెండు జాతులూ కలిసిపోయి ఎవరు ఎవరో తెలియని కాలం వచ్చాక కూడా జరిమానా వసూలు ఆగలేదన్నమాట.

నేడు మన బ్యాంకుల్లో వినిపించే 'మార్ట్‌గేజ్' ఆ కచేరీల ఫ్రెంచిదే. చచ్చిన తాకట్టు అని అర్థం. పన్నెండో శతాబ్దపు న్యాయగ్రంథాల్లో దాని వివరం ఉంది. తాకట్టు పెట్టిన పొలం మీద వచ్చే పంట బాకీలో జమ అయితే అది బతికున్న తాకట్టు. పంట వడ్డీ వ్యాపారి తిని, బాకీ అలాగే ఉండిపోతే అది చచ్చినది. చర్చికి ఇచ్చిన భూమిని 'చచ్చిన చేయి' అన్నారు. మఠానికి చావులేదు, వారసుడు లేడు కాబట్టి ఆ భూమి మీద ప్రభువుకు వారసత్వపు సుంకం ఎన్నటికీ రాదు. ఆ బాధ భరించలేక 1279లో ఒకటో ఎడ్వర్డ్ అలాంటి దానాలను నిషేధిస్తూ చట్టం తెచ్చాడు.

సామాన్య రైతు చావులో ఈ లెక్కలు మరీ కటువు. 'హెరియట్' అనే మాటకు మొదట అర్థం యుద్ధసామగ్రి. యోధుడు చనిపోతే ప్రభువు ఇచ్చిన ఆయుధాలు తిరిగి ప్రభువుకే చేరాలి. పదకొండో శతాబ్దంలో క్నూట్ రాజు చట్టం ప్రకారం ఒక ఎర్ల్ పోతే ఇవ్వాల్సినవి ఎనిమిది గుర్రాలు, నాలుగు శిరస్త్రాణాలు, నాలుగు కవచాలు, నాలుగు కత్తులు, ఎనిమిదేసి ఈటెలు, డాళ్లు, పైగా బంగారం. ఆ పేరే తర్వాత పాలేరు గుడిసె దాకా దిగింది. అక్కడ కత్తులెక్కడివి? ఇంట్లో ఉన్నవాటిలో మేలైన పశువును దొర తోలుకుపోయేవాడు. రెండో మేలైనదాన్ని చాలాచోట్ల చర్చి గురువు తీసుకునేవాడు. ఆ రెండోదాని పేరు 'మార్చురీ'. మన ఆసుపత్రుల్లో శవాలుంచే గదికి వాడుతున్న మాట ఇదే. తండ్రిని పాతిపెట్టిన వారంలోనే ఎద్దునూ ఆవునూ పోగొట్టుకున్న ఇంటి ఏడుపు ఆ మాటలో ఇంకా ఉందనిపిస్తుంది నాకు. దొరల కచేరీ చిట్టాల్లో చేరిన ఈ పశువుల లెక్కను బట్టే చరిత్రకారులు ఏ ఏడాది ఎంతమంది రైతులు పోయారో అంచనా కడుతున్నారు.

కచేరీ ఫ్రెంచి మాట్లాడితే చర్చి లాటిన్ పాడింది. చనిపోయినవారి కోసం సాయంత్రం చేసే ప్రార్థన 'ప్లాసిబో' అనే లాటిన్ మాటతో మొదలయ్యేది. దేవుణ్ని సంతోషపెడతాను అని అర్థం. కూలికి వచ్చి శవం పక్కన దీన్ని పాడేవాళ్లు తయారయ్యారు, దాంతో 'ప్లాసిబో పాడటం' అంటే ఇచ్చకాలు పలకడమైంది. కవి చాసర్ తన 'కాంటర్బరీ కథల్లో' ఒక ముఖస్తుతిపరుడికి ఆ పేరే పెట్టాడు. రోగిని తృప్తిపరిచేందుకు ఇచ్చే ఉత్తుత్తి మందుకు ఆ పేరు పద్దెనిమిదో శతాబ్దంలో వచ్చింది. తెల్లవారుజాము ప్రార్థనలోని మొదటి మాట 'దిరిగె' అరిగిపోయి శోకగీతానికి 'డర్జ్' అయింది. ముప్పయ్యో రోజున చేసేది 'నెల తలపు', ఏడాదికి చేసేది 'ఏటి తలపు'. మన మాసికం, సంవత్సరీకం లాంటివే. స్తోమత ఉన్నవాళ్లు తమ ఆత్మ కోసం ఎప్పటికీ ప్రార్థనలు జరగాలని మాన్యాలు రాసి గురువులను నియమించి పోయేవారు. ఆ 'ఎప్పటికీ' 1547లో ఆరో ఎడ్వర్డ్ ప్రభుత్వం మాన్యాలన్నీ స్వాధీనం చేసుకోవడంతో ముగిసింది. నెల తలపు మాత్రం ఐర్లండ్‌లో నేటికీ జరుగుతోంది.

ఈ రెండు పెద్ద భాషల కింద ఇంగ్లీషు ఏమైంది? పీటర్‌బరో మఠం 1116లో కాలిపోయింది. పుస్తకాలు పోతే సన్యాసులు మరో చోటి నుంచి పాత క్రానికల్ తెచ్చి నకలు చేసుకుని, ఏటేటా ఇంగ్లీషులోనే కొనసాగించారు. మిగతా మఠాలన్నీ మానేశాక కూడా వాళ్లు రాశారు. 1135లో ఒకటో హెన్రీ పోగానే రాజు శాంతి కూడా ఆయనతో పోయిందని, దొరికినవాణ్ని దొరికినట్టు దోచుకున్నారని అందులో ఉంది. ఆ తర్వాతి పందొమ్మిదేళ్ల అరాచకాన్ని, కోటల్లో మనుషులను పెట్టిన చిత్రహింసలను ఆ లేఖకుడు రాసిన తీరు చదివితే కడుపు దేవుతుంది. 1154 పద్దుతో అదీ ఆగిపోయింది. చివర ఉన్నది కొత్త మఠాధిపతి బాగా మొదలుపెట్టాడనీ, బాగా ముగించేలా క్రీస్తు అనుగ్రహించాలనీ ఒక ప్రార్థన. 1175లో ఆ మఠాధిపతిని పదవి నుంచి తొలగించారు.

1348 వేసవిలో డోర్సెట్ తీరపు మెల్కమ్ రేవులో ప్లేగు దిగింది. ఏడాదిన్నరలో దేశంలో మూడోవంతు నుంచి సగం దాకా జనం పోయారని అంచనా. 'బ్లాక్ డెత్' అనే పేరు ఎన్నో శతాబ్దాల తర్వాత వచ్చింది. అనుభవించినవాళ్లు 'పెస్టిలెన్స్' అన్నారు, 'మహా మరణం' అన్నారు. హర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని ఆష్‌వెల్ చర్చి గోపురం లోపలి గోడ మీద ఎవరో మొనతో గీకిన లాటిన్ అక్షరాలు ఇప్పటికీ ఉన్నాయి. 1350 నాటి దైన్యం, క్రౌర్యం, సాక్ష్యం చెప్పడానికి మిగిలిన అధముల గుంపు. ఆ కింద 1361 నాటి పెనుగాలి. మెత్తటి సున్నపురాయి కాబట్టి లోతుగా దిగాయి అక్షరాలు. ఆ గీకినవాడి ఇంట్లో ఎవరు మిగిలారో!

ఆ చావుల తర్వాత ఇంగ్లీషు మళ్లీ లేచింది. కోర్టుల్లో వాదనలు ఇంగ్లీషులోనే జరగాలని 1362లో చట్టం వచ్చింది, చట్టం మాత్రం ఫ్రెంచిలోనే రాశారు. లండన్‌లో 1387 నుంచి ఇంగ్లీషు వీలునామాలు దొరుకుతున్నాయి. ఆత్మ దేవుడికి, ఒళ్లు ఫలానా చర్చి మట్టికి, ఆ తర్వాతే గిన్నెలూ పరుపులూ ఎవరికెన్ని అని. 1490లో కాక్స్‌టన్ చక్కగా చావడమెలాగో నేర్పే చిన్న పుస్తకం ఫ్రెంచి నుంచి తర్జుమా చేసి అచ్చువేశాడు. అందులో వాడిన క్రియ డేన్ల 'డై'.

ఆగిపోవడాన్ని చెప్పే మాటలదీ ఇదే వరస. పాత 'బ్లిన్' ఉత్తరాదికి పరిమితమైంది. 'స్టింట్' చాసర్ నాటికి బతికే ఉంది, కథకుడు ఒక పాత్రను అక్కడితో ఆపి ఇంకో పాత్ర దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ మాటే వాడతాడు. ఫ్రెంచి 'సీజ్' వచ్చి దాని చోటు తీసుకుంది. 'స్టాప్' అంటే అప్పట్లో ఎక్కువగా కన్నాన్ని పూడ్చడం, సీసాకు బిరడా పెట్టడం. చాసర్ 1400లో పోయేటప్పటికి కాంటర్బరీ కథలు పూర్తికాలేదు, వంటవాడి కథ అరవై పాదాలైనా నిండకుండా తెగిపోయింది. ఇప్పుడు వేల్స్ జాతీయ గ్రంథాలయంలో ఉన్న హెంగర్ట్ ప్రతిలో లేఖకుడు మిగతా భాగం దొరుకుతుందేమోనని చోటు వదిలి, చివరికి అంచున, చాసర్ ఇంతకుమించి రాయలేదని గమనిక పెట్టుకున్నాడు.

ఇక చావును చెప్పిన ఆ పాత మూడు క్రియల్లో 'క్వెలాన్' పూర్తిగా కనుమరుగైంది. 'స్వెల్టన్' ఉక్కపోతకు సొమ్మసిల్లడంగా మారింది. 'స్టెయోర్వాన్' మాత్రం చాలాకాలం గౌరవంగా బతికింది. చాసర్ 'ట్రాయిలస్' కావ్యంలో క్రీస్తు సిలువ మీద ప్రాణం విడిచిన సందర్భానికి వాడింది ఈ క్రియనే, అదే నేటి 'స్టార్వ్'. ఇప్పటి అర్థంతో చదివితే క్రీస్తు ఆకలికి మాడిపోయాడనిపిస్తుంది. పదహారో శతాబ్దం నాటికి ఆ మాట ఆకలిచావు వైపు కుంచించుకుపోయింది. ఉత్తర ఇంగ్లండ్‌లో అది ఆకలి వైపు కాక చలి వైపు తిరిగింది. యార్క్‌షైర్ పల్లెల్లో పాతతరం వాళ్లు కడుపునిండా తిని బయటికి వెళ్లి, ఈదురుగాలిలో గడ్డకట్టి ఇంటికొచ్చి, తాము 'స్టార్వ్' అయిపోయామంటారు.