టర్బో వచ్చాక ఇంజిను దించడం

విశాఖ దగ్గరి పరవాడ వైపు కారు ఇంజిను అరిగి బోరుకొచ్చిందంటే, మెకానిక్ షెడ్లుండే గాజువాక ఆటోనగర్ పేరే ముందు వినబడుతుంది. 1933లో విశాఖ ఓడరేవు మొదలైంది. 1971లో ఉక్కు కర్మాగారానికి పునాదిరాయి పడింది. 2002లో పరవాడలోనే ఎన్టీపీసీ సింహాద్రి కరెంటు ఇవ్వసాగింది. సరుకు వెంట లారీలు, లారీల వెంట వాటిని విప్పే చేతులు!

ఆ చేతులకు ఇప్పుడు ఎదురయ్యే టర్బో ఊహ ఆ ఓడరేవు కన్నా పాతది. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బూకి 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. వృథాగా పోయే పొగతో ఒక చక్రం తిప్పి, అదే ఇరుసు మీది రెండో చక్రంతో ఇంజినులోకి గాలి దట్టించడమే అందులోని కిటుకు. మధ్యతరగతి వాకిట్లోకి దాన్ని విరివిగా తెచ్చినవాటిలో 2007 నాటి మారుతి స్విఫ్ట్ డీజిల్ ఒకటి. ఇంజిను మాత్రం ఫియట్‌ది, 1248 సీసీ.

దాంతో ఇంట్లో ఇంజిను విప్పే సరదాకు కొత్త చిక్కొచ్చింది. అంబాసిడర్ ఓపికుంటే లొంగేది. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి, పల్చటి ఆయిలు పొర మీద తేలుతూ తిరుగుతుంది. హెడ్ దించి, రింగులు మార్చి, అంతా బిగించినా ఆయిలు పైపులో మసి మిగిలితే కొత్త టర్బో కూడా త్వరలోనే పట్టేస్తుంది. అందుకే తెలిసినవాళ్లు ఆ సన్నటి పైపును వెలుగుకు ఎత్తిపట్టి ఓ కంట చూస్తారు, స్టార్ట్ చేసేముందు టర్బోలో కాస్త ఆయిలు చేత్తో పోస్తారు.

సిలిండర్లు బోరింగ్ చేయాలంటే మాత్రం బ్లాకును ఆటోలో వేసుకుని లేత్ షాపుకు పోవాల్సిందే. అంత యంత్రం ఎవరింట్లో ఉంటుంది!