బలము – పొందిక



నేను బడిపంతులుగా పనిచేసి విరమించినవాడను. హైదరాబాదున తార్నాకలో నా నివాసము. ప్రతిదినము తెల్లవారగనే ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణములోనికి నడకకు పోవుదును. 1939వ సంవత్సరమున ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల భవనమును దాటి, మైదానపు గట్టున కొంతసేపు కూర్చుండి పిల్లల ఆటలు చూచుచుందును. ఎవడేని గాలిలోనికెగిరి దిగునప్పుడు అందరి చూపులును బంతిమీద నుండును. నా చూపు మాత్రము వాని మోకాళ్లమీద నుండును. అందులకొక కారణము కలదు.

ముప్పది యేండ్ల క్రిందట నేను పనిచేయుచుండిన బడిలో డ్రిల్లు పంతులు లేకుండెను. ఆ పని నేను చూచుకొందునని ముందుకు వచ్చితిని. నాకు వ్యాకరణము వచ్చును గాని వ్యాయామము రాదు. అయినను గొంతు పెద్దది గనుక అధికారము చెల్లినది. “కాళ్లు బిగించుడు, రొమ్ము విరువుడు” అని పిల్లలను గద్దించుచుంటిని. ఒకనాడొక తొమ్మిదవ తరగతి బాలుడు నా ఆజ్ఞ ప్రకారము కాళ్లను కర్రలవలె బిగించి గట్టుమీదినుండి దుమికి, మోకాలు పట్టుకొని కూలబడెను. కొన్నాళ్లకు నడక వచ్చినది. కాని చెడుగుడులో ఊరికెల్ల పేరుపొందిన ఆ పిల్లవాడు మరల బరిలో దిగలేదు. “అయ్యవారూ, మీరు చెప్పినట్లే దుమికితిని గదా” అని వాడు నాతో ననెను. నిందించుటకు కాదు, తన తప్పేమో తెలిసికొనుటకే యడిగెను. తప్పు వానిది కాదు. తెలియనిదానిని నేర్పబూనిన నాది.

అటుపిమ్మట నేను చదువ మొదలిడితిని. సుశ్రుతసంహితయందు, చికిత్సాస్థానమున 24వ అధ్యాయములో, మనుష్యుడు తనకున్న బలములో సగమునకు మాత్రమే వ్యాయామము చేయవలెననియు, అది మీరినచో హాని కలుగుననియు, ఊపిరి నోటికి వచ్చుటయే ఆ సగమునకు గురుతనియు చెప్పబడినది. “ఎంత” అను ప్రశ్నకు అందు జవాబు దొరకినది. “ఎట్లు” అను ప్రశ్న మిగిలినది.

బలము పేరెత్తగనే మనకు కోడి రామమూర్తినాయుడుగారు స్మరణకు వత్తురు. 1942లో దివంగతులైన ఆ మహాబలుని ఛాతీపై ఏనుగు నిలిచిన కథనే చెప్పుకొందుము గాని, వారు సైదాపేటలో వ్యాయామవిద్య నభ్యసించి విజయనగరమున ఉపాధ్యాయులైరన్న మాటను మరతుము. బలము వెనుక శిక్షణ యున్నది. ఆ శిక్షణ యెట్టిదో నాకు బోధపరచినవాడు మరియొక ఉపాధ్యాయుడు. ఆయన మన నగరమువాడే.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదున జన్మించెను. ఈ ఉస్మానియా విశ్వవిద్యాలయముననే చదివి, ఫుట్‌బాల్ ఆడి, బడిపంతులై, వ్యాయామశిక్షణలో పట్టము పొందెను. 1950 మొదలు 1963లో మరణించువరకు హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుమారులు రోవర్స్ కప్పు గెలిచినది. ఆయన తీర్చిన భారతజట్టు 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడలలో స్వర్ణపతకము నందినది. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాల్గవ స్థానమున నిలిచినది.

రహీం సాహేబు ఒక చిత్రమైన పోటీ నడపుచుండెను. అందు ఆటగాడు తన బలమైన కాలితో బంతిని తన్నరాదు. కుడికాలివాడు ఎడమకాలితోడనే ఆడవలెను. ఇది వినోదమని మొదట నేననుకొంటిని. ఆలోచింపగా విషయము తోచినది. ఒంటికాలి ఆటగాడు బంతి ఎటు వచ్చినను దానిని తన మంచికాలికి తెచ్చుకొనుటకై దేహమంతయు త్రిప్పవలసియుండును. పాదము నేలలో నాటుకొనియుండగా దేహము తిరిగినచో ఆ మెలిక మోకాటిపై పడును. రెండు కాళ్లును సాగినవాడు ఉన్నచోటనుండియే తన్నును. వానికి కాలము కలిసివచ్చును, కీలును నిలుచును. ఆట మెరుగుపడుటయు గాయము తప్పుటయు రెండు విద్యలు కావు, ఒక్కటియే విద్య.

1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో మరియొక పాఠము నేర్చితిమి. చలిదేశపు నేలమీద మనవారిలో పలువురు బూట్లు లేక ఆడిరి. యుగోస్లావియా చేతిలో పదింటికి ఒక్కటిగా ఓడితిమి. అటుపిమ్మట మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసినది. ఓటమికి అదొక్కటియే కారణమని నేననను. కాని తన్నువాని బలము తొడలోనే పుట్టదు. పాదము నేలను నెట్టగా, నేల తిరిగి పాదమును నెట్టును. పాదము జారినచో తొడబలము వ్యర్థము.

ఇక దుముకుట. దిగువాడు పాదపు ముందుభాగమును మెల్లగా మోపి, మడమ నానించి, మోకాళ్లను, తుంటిని వంచవలెను. మోకాళ్లు కాలివ్రేళ్ల దిక్కునకే చూడవలెను, లోపలికి కూలరాదు. అట్లు వంగినప్పుడు కండరములు ఆ తాకిడిని కొంచెము కొంచెముగా మ్రింగును. కాలు బిగిసియున్నచో తాకిడి యంతయు ఒక్క క్షణములో ఎముకకును, కీలును పట్టియుంచు కట్టునకును తగులును. ఆ కట్టునే వైద్యులు లిగమెంటు అందురు. బస్తా నెత్తుకొను హమాలీకి ఈ శాస్త్రము చెప్పనక్కరలేదు. బరువు భుజమున పడునప్పుడు అతడు మోకాళ్లను కొంచెము సడలించును. నాటి నా డ్రిల్లు ఆ హమాలీ పాటి తెలివి లేనిది.

ఇది నేడు పరీక్షకు నిలిచిన మాట. 2008లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, నార్వే దేశమున 13 మొదలు 17 ఏండ్ల బాలికలచే ఫుట్‌బాల్ ఆటకు ముందు సుమారు ఇరువది నిమిషములు పరుగు, నిలుకడ, సరియైన దుముకు అభ్యసింపజేసిరి. చేయనివారితో పోల్చగా వీరికి మొత్తము గాయములు సుమారు మూడవవంతును, తీవ్రగాయములు సుమారు సగమును తగ్గినవి. దీనికి యంత్రము లక్కరలేదు. వలసినది తెలిసిన పంతులు, ఓపిక.

పెద్దలారా, సంక్రాంతికిని జాతరలకును మీ యూళ్లలో చెడుగుడు పోటీలు జరుగును, గుండ్లెత్తుదురు. బహుమతు లిచ్చువారు మీరే, గనుక మీ మాట చెల్లును. బరిలో మన్ను గుల్లచేయించుడు. ఆటకు ముందు పిల్లల దేహములు వేడెక్కనిండు. గుండెత్తువాడు నడుము వంచక తుంటిని, మోకాళ్లను వంచి, గుండును దేహమున కానించుకొని లేవవలెను. ప్రక్కకు తిరుగవలసినచో నడుము త్రిప్పక అడుగులు మార్చవలెను. మోకాలు వాచిన పిల్లవానిని ఊరి పరువు పేరిట మరల బరిలోనికి త్రోయకుడు. పరువు వచ్చేయేడును గెలువవచ్చును.

నాటి ఆ బాలుడు నేడు నలువది దాటిన గృహస్థు. క్రిందటి యేడు తన కుమారుని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. ముగ్గురమును ఈ మైదానమునకే నడచితిమి. పిల్లవాడు గట్టెక్కి దుముకబోగా, “ఎట్లు దుమకవలెనో తాతగారి నడుగుము” అని తండ్రి వానిని నిలిపెను. నేను గట్టుదిగి, వాని మోకాళ్లమీద చేయివేసి, చెప్పవలసినది ఈ మారు సరిగా చెప్పితిని.

సెలవు.