రూపచింతకు అంతర్జాల చికిత్స: వ్యయఫలముల చరిత్ర

తన నాసికయందో చర్మమందో కేశములయందో ఇతరుల కంటికి ఆననిదో, ఆనినను అత్యల్పమైనదో యగు లోపము నొకదానిని మహావికారముగా భావించి, గంటలకొలది అద్దము ముందు నిలిచియో, అద్దమున్న చోటికే పోక తప్పించుకొనియో మనుష్యుడు కృశించిపోవు మానసిక రుగ్మతను ఇటలీ దేశపు వైద్యుడు ఎన్రికో మోర్సెల్లి 1891లో వర్ణించి, దానికి డిస్మోర్ఫోఫోబియా అని పేరిడెను. అటుపిమ్మట శతాబ్దమునకు దాపుగా వైద్యలోకము దానిని పెద్దగా పట్టించుకొనలేదు. 1987లో అమెరికా మనోవైద్య సంఘమువారి వర్గీకరణ గ్రంథమున బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అను నామముతో అది ప్రత్యేక స్థానము నొందినది. 2013లో అబ్సెసివ్ కంపల్సివ్ రుగ్మతల సరసన చేరినది. వయోజనులలో నూటికి ఇంచుమించు ఇద్దరిని ఇది బాధించుచున్నది.

ఈ వ్యాధికగు వ్యయమును లెక్కించువారు మొదట చూడవలసినది మనోవైద్యశాల పద్దులను కాదు. రోగి తన బాధకు మూలము మనస్సున గలదని నమ్మడు గనుక చర్మవైద్యుని యొద్దకును, సౌందర్య శస్త్రచికిత్సకుని యొద్దకును పోవును. ముక్కు సరిచేయించుకొన్న పిమ్మట తృప్తి కలుగుట అరుదు. పలుమారు చింత ముక్కును విడిచి గడ్డమును పట్టుకొనును. ఈ రీతిని ధారపోసిన ధనమునకు ఫలము శూన్యమైనను, అది ఏ ప్రభుత్వపు మానసికారోగ్య లెక్కలలోను కానరాదు. అన్నింటికంటె నన్ను కలచివేయునది ఈ గుప్తవ్యయమే.

ఫలమిచ్చు చికిత్స కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ యని 1990ల నడుమ స్పష్టపడసాగెను. ఇంగ్లండున డేవిడ్ వీల్ బృందము 1996లో 19 మందిపై జరిపిన పరీక్షలో 12 వారముల చికిత్స పొందినవారు గణనీయముగా కోలుకొనిరి. 2005లో బ్రిటిషు ఆరోగ్యసంస్థ నైస్ తన మార్గదర్శకములలో ఈ చికిత్సకు చోటిచ్చెను. ఐనను అందు శిక్షణ పొందిన నిపుణులు స్వల్పసంఖ్యాకులు. తన ముఖమును పరులకు చూపుటకే జంకువానికి వైద్యుని ఎదుట కూర్చుండుటయే ఒక పరీక్ష.

ఈ రెండు చిక్కులకును విరుగుడు వేరొక దిక్కునుండి వచ్చినది. 1990ల చివర ఆమ్‌స్టర్‌డామున ఆల్‌ఫ్రెడ్ లాంగె, స్వీడనున గెర్హార్డ్ ఆండర్సన్, పెర్ కార్ల్‌బ్రింగ్ మున్నగువారు అంతర్జాలము ద్వారా మానసిక చికిత్స నొసగు ప్రయోగములకు పూనుకొనిరి. 2007 నాటికి స్టాక్‌హోమున ఇట్టి చికిత్సాలయము సాధారణ ప్రజావైద్యములో భాగమైనది. ఆ నేలయందే కరొలిన్‌స్కా సంస్థవారు బి.డి.డి.-నెట్ అను కార్యక్రమమును రూపొందించి, 94 మందిపై పరీక్షించి, ఫలితములను 2016లో బ్రిటిష్ మెడికల్ జర్నలున ప్రకటించిరి.

ఆ చికిత్స నడచు తీరు తెలియదగినది. రోగి తన ఇంటనే పాఠములు చదువును. అద్దము చూచుకొను అలవాటును కొంతసేపు అణచిపట్టుట, కప్పుకొనక వెలుతురులోనికి పోవుట వంటి అభ్యాసములను తానే చేసి, అప్పుడు కలిగిన భయమును, అది తగ్గిన తీరును వ్రాసి పంపును. చికిత్సకుడు దానిని చదివి, వ్రాతమూలముగనే ధైర్యము చెప్పి, తరువాతి మెట్టును సూచించును. వారిరువురు ముఖాముఖి కలిసికొనరు. 12 వారములలో ఒక్కొక్క రోగికి చికిత్సకుడు వినియోగించిన కాలము వారమునకు సుమారు 13 నిమిషములు మాత్రమే, అనగా మొత్తము మీద మూడు గంటలకు లోపు. ఈ చికిత్స పొందినవారిలో మూడునెలల పిదప నూటికి 56 మందికి వ్యాధి తీవ్రత కనీసము మూడవవంతుకు దాపుగా తగ్గెను. అంతర్జాలముననే కేవలము ఊరడింపు పొందినవారిలో అట్టివారు 13 మందే.

ఇచ్చట వ్యయఫల విచారము నిశితముగా చేయవలసియున్నది. నైస్ వంటి సంస్థలు ఆరోగ్యవంతమైన ఒక జీవితవత్సరమును ప్రమాణముగా గొని, దానికగు వ్యయము 20,000 మొదలు 30,000 పౌనుల లోపున్నచో ఆ చికిత్సను సాధారణముగా ఆదరణీయముగా నెంచుచు వచ్చినవి. యంత్రము చవుకగనుకనే ఈ చికిత్స చవుకయని తలచుట పొరపాటు. మిగులుచున్నది నిపుణుని కాలము. ఆ నిపుణుని పూర్తిగా తొలగించిన కార్యక్రమములలో రోగులు మధ్యలోనే మానివేయుట హెచ్చని ఇతర మానసిక రుగ్మతల అనుభవము తెలుపుచున్నది. కావున ఆ 13 నిమిషములను కూడ పొదుపు చేయబూనుట నష్టకరము.

స్వీడను పరీక్ష ఈ చికిత్సను ముఖాముఖి చికిత్సతో సరిపోల్చలేదు. అందుచేత దానికంటె ఇది మేలనుటకు ఆ పరీక్ష ఆధారము కాజాలదు. పైగా అందు పాల్గొన్నవారు తమంతట తామై వచ్చినవారు. ఆత్మహత్యాపాయము ఆసన్నమై యున్నవారిని చేర్చుకొనలేదు. ఆత్మహత్యాచింత ఈ వ్యాధిగ్రస్తులలో మిక్కుటము. అట్టివారికి వారమున కొక గంట చొప్పున మనిషి ఎదుట మనిషి కూర్చుండి చేయు చికిత్సకు అంతర్జాలము బదులుకాదు. తేలికపాటి రోగుల విషయమున మిగిలిన గంటలు వీరికి చేరునట్లు వైద్యవ్యవస్థలు కాలమును పంచుకొన్నచో, పద్దులో కనిపించు ఆదాకంటె ఎక్కువ లాభము అందే గలదు.