చదువు రాకముందే విన్నవాళ్లు

తెలుగు క్రైస్తవ చరిత్రను అచ్చుపుస్తకాల చరిత్రగా చెప్పుకోవడం మనకు అలవాటు. 1805లో విశాఖపట్నం చేరిన మిషనరీలు క్రాన్, డి గ్రాంజ్; అనువాదంలో వారికి తోడు నిలిచిన ఆనందరాయరు; 1812లో శ్రీరాంపురంలో అచ్చయిన సువార్తలు. ఆ శ్రమకు తెలుగు సంఘం ఎప్పటికీ రుణపడే ఉంటుంది. అయినా సువార్తలు అచ్చయిన యాభై ఏళ్లకు కూడా సంఘాలు అరకొరగానే ఉన్నాయి. 1840లో నెల్లూరులో మొదలైన అమెరికన్ బాప్టిస్టు మిషనునైతే మూసేద్దామన్న మాట ఒకటికి రెండుసార్లు వచ్చింది. సంఘం ఊళ్లకు ఊళ్లుగా పెరిగింది అక్షరానికి ఆమడ దూరాన ఉంచిన మాల, మాదిగ పల్లెల్లో. అక్కడ విశ్వాసం చెవి ద్వారానే వచ్చింది.

యర్రగుంట్ల పేరయ్యనే తీసుకోండి. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగిన మాదిగ, అంతకుముందే యోగమార్గంలో గురూపదేశం పొందినవాడు. గురువు ముందు కూర్చుని వినడం, విన్నది మననం చేసుకోవడం, మరొకరికి చెప్పడం ఆయనకు కొత్త కాదు. 1866లో బాప్తిస్మం పొందాక భార్య నాగమ్మతో కలిసి ఆ పనే చేశాడు. 1867 జనవరిలో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ పేరయ్య ఉండే ప్రాంతానికి వెళ్లేసరికి, చుట్టుపక్కల పల్లెలవాళ్లు తిండిమూటలు కట్టుకొచ్చి చింతతోపులో దిగి ఉన్నారు. రోజుల తరబడి అక్కడే కూర్చుని విన్నారు. వారిలో 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దొర రాకముందే వాక్యం ఆ పల్లెలకు చేరింది, అదీ వాళ్లలో ఒకడి నోట.

ఊళ్లకు ఊళ్లు సంఘంలో చేరడమంతా కరువులో గంజి కోసం జరిగిందనే వాదన ఒకటుంది. 1876-78 కరువు నిజం, ఆకలీ నిజం. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. పని ఆపి సేదదీరే వేళల్లో బోధకులు వారి మధ్య కూర్చుని చెప్పేవారు. అయితే కూలి ఇచ్చినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. అవి మళ్లీ మొదలయ్యాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. గౌరవం మీద ఆశ వారిలో ఉండదా? ఉంటుంది, ఉండాలి కూడా. ఊరి బయట ఉంచినవాణ్ణి పేరుపెట్టి పిలిచే దేవుడి మాట విన్నాక ఆ ఆశ కలగకపోతేనే వింత.

వినికిడి మీద బతికే సంఘం బోధకుడు చెప్పిందే వేదమనుకుంటుందన్న అభ్యంతరం ఇంతకంటే బరువైనది. ఆ ప్రమాదం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కానీ విన్నవాళ్లు వినడంతో ఆగలేదు. పురుషోత్తమ చౌదరి వంటివారి కీర్తనలు కంఠస్థం చేశారు. బోధకుడు ఊళ్లో లేని రోజున కూడా వాళ్ల నోట వాక్యసారం ఉండేది. తాము విన్నది తమ పిల్లలు చదవాలని బడులు అడిగారు. చదువు వినికిడిని కాదని రాలేదు, దాని వెంటే వచ్చింది.

ఇవాళ మన చేతి ఫోనులోనే బైబిలంతా ఉంది. అందుకే ఒక విన్నపం: ఆదివారం పాఠం చదువుతున్నంతసేపు ఫోను పక్కన పెట్టి, చింతతోపులో కూర్చున్నవాళ్లు విన్నట్టు వినండి. ఇంటికి వెళ్లాక బైబిలు తెరిచి, విన్నది సరిచూసుకోండి.