ఖాళీ జాగా

బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి. బతుకుదెరువుకు తెలంగాణ పల్లె ఎరిగిన దారులు ఈ మూడే. మగ్గం కూడు పెట్టని కరీంనగర్ పద్మశాలీలు ఎందరో మొదటి దారి పట్టి బొంబాయి బట్టల మిల్లుల్లో చేరారు. లోయర్ పరేల్, వర్లీ చాళ్లలో ఒక్కో ఖోలీలో పదేసి మంది. పగటి షిఫ్టువాడు లేచిన చాప మీదే రాత్రి షిఫ్టువాడు నడుం వాల్చేవాడు. గడియారంతో పనిలేదు, మిల్లు భోంగా కూసేది. ఇంటికొచ్చేసరికి కనుబొమ్మల నిండా పత్తి నూగు. అద్దంలో చూసుకుంటే పాతికేళ్లవాడు కూడా ముసలాడిలా కనిపించేవాడు.

1982 జనవరి 18న కార్మిక నేత దత్తా సామంత్ వెంట దాదాపు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు పని ఆపారు. సమ్మె ముగిసిందని ఎవరూ ప్రకటించలేదు. అది అలాగే ఆరిపోయింది.

సమ్మే మిల్లులను మింగిందంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. మరమగ్గాలు ఆగినా నేల ఎక్కడికీ పోలేదు, నగరం నడిబొడ్డున దాదాపు 600 ఎకరాలు. 1991 నాటి నగర అభివృద్ధి నియంత్రణ నియమాల్లోని 58వ నిబంధన ఆ నేలకు న్యాయమైన లెక్కే కట్టింది. మిల్లు కూల్చి కొత్తగా కట్టుకుంటే సుమారు మూడో వంతు మైదానాలకని నగరపాలక సంస్థకు, మరో మూడో వంతు సామాన్యుల ఇళ్లకని రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడాకు, మిగిలింది యజమానికి. యజమానులకు ఇది మింగుడుపడలేదు. షెడ్డు కూల్చం, లోపలి వాడకం మాత్రం మారుస్తామంటూ అనుమతులు అడిగారు. ఒక మిల్లులో కార్మికుల వినోదం పేరిట వచ్చిన అనుమతి బౌలింగ్ ఆలీగా తేలింది. కండెలు మార్చిన చేతులు ఆ బంతిని ఎన్నడైనా దొర్లించాయా?

2001లో నిబంధనను సవరించారు. పంచాల్సింది మొత్తం నేల కాదు, కట్టడాలు లేని ఖాళీ జాగా మాత్రమేనన్నారు. మిల్లంటేనే గోడ నుంచి గోడ దాకా షెడ్లు కదా! పదెకరాల మిల్లులో ఎనిమిదెకరాలు షెడ్ల కిందే ఉంటే వాటాలకు మిగిలేది రెండెకరాలు. షెడ్లు పడగొట్టాక ఆ ఎనిమిదీ యజమానివే. కూల్చాక అది ఖాళీ కాదా అని అడిగితే, నిబంధన దృష్టిలో కాదు. బొంబాయి హైకోర్టు 2005లో దీన్ని తప్పుపట్టింది. 2006 మార్చిలో సుప్రీంకోర్టు సవరణ సరైనదేనంది. ఇక ఫైళ్లకు అడ్డు లేకపోయింది.

1905లో పుట్టిన ఫీనిక్స్ మిల్లు ఇప్పుడొక మాల్. చిమ్నీని ఉంచారు, పొగ లేదు.

కార్మికులకు మిగిలింది మ్హాడా లాటరీ, 225 చదరపు అడుగుల ఇల్లు. దరఖాస్తుకు మిల్లులో పనిచేసిన రుజువు కావలసి వచ్చింది. టికెట్ నంబరు, ఈఎస్ఐ కార్డు, ఏదో ఒకటి. మనిషి పోయిన ఇళ్లలో భార్యలు అటక మీది రేకుపెట్టె దించి, పాత చీరల మడతల్లో ఆ కార్డు కోసం వెతికారు.